మామయ్య ఒట్టు, నా ట్యాంకు

అక్తౌ,
అక్టోబరు 3

కారాకుదుక్ ఒంటెలకు ఏలిక, ఊరి సభలకు పెద్దదిక్కు, సొంత మేనకోడలితో మాట్లాడనని గడ్డం పట్టుకుని మరీ ఒట్టు వేసిన సగిందిక్ మామయ్య సముఖానికి,

అక్తౌలో ఇంజనీరు పని చేసుకుని బతుకుతున్న ఉల్బోసిన్ మిక్కిలి వినయంగా, నవ్వు ఆపుకుంటూ రాయునది.

"ఆ హైడ్రోజన్ పని మానేసిందాకా దాని గొంతు వినను, నా గొంతు వినిపించను" అన్నావని అమ్మ చెప్పింది. ఫోన్ చేస్తే బల్జాన్ అత్తయ్య ఎత్తి, "మీ మామయ్య పక్కనే ఉన్నాడమ్మా, కానీ లేడు" అంది. సరే. ఒట్టు మాట్లాడటం మీదే గానీ రాయడం మీద కాదని మా న్యాయ విభాగం, అంటే నేనే, కూలంకషంగా చర్చించి తేల్చింది. అందుకే ఈ ఉత్తరం. తొరెబాయ్ వ్యానులో వస్తుంది. నిరుడు డీజిలు బస్సు ఆగిపోయాక మన ఊరికి మందులు, ఉత్తరాలు, గొర్రెలు, పెళ్ళికూతుళ్ళు అన్నీ ఆ ఒక్క వ్యానులోనే కదా వస్తున్నాయి. పోయినసారి నేను ఒక పొట్టేలుకీ ఒక పెళ్ళికూతురికీ మధ్య కూర్చుని వచ్చాను. ఇద్దరిలో పొట్టేలుకే మర్యాద ఎక్కువ.

విషయానికొస్తాను. మా వర్క్‌షాపులో ఒక పాత బస్సును హైడ్రోజన్‌తో నడిచేలా మార్చాం. అది కారాకుదుక్ బస్సు. రోజూ పొద్దున అక్తౌకి, సాయంత్రం వెనక్కి. తొంభై కిలోమీటర్లు. ఊరి వెనక గట్టు మీద గాలిమర ఉండనే ఉంది, గాలికి మనకు కరువేమిటి? ఆ కరెంటుతో నీటిని చీల్చి హైడ్రోజన్ తీస్తాం. తీయడం పెద్ద పని కాదు. దాచడమే పని. లోకంలో అన్నిటికన్నా తేలికైన పదార్థం అది, మన చుట్టాల రహస్యాల్లాగా ఎక్కడా నిలవదు. దాన్ని దాచే ట్యాంకులకు చోటు కావాలి. ఇళ్ళకు దూరంగా, గాలిమరకు దగ్గరగా. అలాంటి చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. నీ చలికాలపు దొడ్డిలో ఉత్తరపు మూల.

మేనమామ దగ్గర అక్కచెల్లెళ్ళ బిడ్డ మూడుసార్లు ఏది అడిగినా కాదనకూడదన్న ఆచారం నేను పెట్టింది కాదు. మొదటిది ఏడేళ్ళప్పుడే వాడేశాను, నీ వేటకుక్క పిల్ల కోసం. తెలివి ఉండి ఉంటే మోటార్‌సైకిల్ అడిగేదాన్ని. రెండోది ఇప్పుడు వాడుతున్నాను.

ఆ మూల నాకియ్యి, మామయ్యా.

నీ మౌనానికి నోచుకున్న
ఉల్బోసిన్


కారాకుదుక్,
అక్టోబరు 11

పిల్లా,

రాయడం మాట్లాడటం కాదని మీ అత్తయ్య కూడా అంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాట మీద ఉంటే అందులో కుట్ర ఉంటుందని తెలిసీ రాస్తున్నాను.

మూల ఇచ్చాను. అడిగావు, ఇచ్చాను, అయిపోయింది. మా నాన్నను ఆయన మేనల్లుడు దారిలో ఆపి గుర్రం అడిగితే, జీనుతో సహా ఇచ్చేసి పన్నెండు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చాడు. నేను ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి. కానీ చోటివ్వడం వేరు, ఒప్పుకోవడం వేరు. నవంబరులో క్లబ్బులో ఊరి సభ ఉంది. నీ బస్సు సంగతి అక్కడ తేలుతుంది. నా చెయ్యి వద్దనే లేస్తుంది. నాది లేచాక మిగతావి ఎటు లేస్తాయో నీకు తెలుసు.

నేను పద్దెనిమిదేళ్ళు ఊరి షెడ్డులో గ్యాసు సిలిండర్లు నింపాను. నువ్వు చదువుకున్నదాన్ని నేను చేతుల్తో పట్టుకున్నాను. నువ్వు పుట్టకముందు, మార్చి నెలలో, మా తమ్ముడు ఎసెన్ ఆ షెడ్డులోనే పోయాడు. పైకప్పు రేకు ఇప్పటికీ రోడ్డు పక్కన పడి ఉంది, వస్తూ పోతూ చూస్తూనే ఉంటావు. లోపల సిగరెట్టు ముట్టించాడని ఊరు అంటుంది. ఊరు ఏదైనా అంటుంది. నాకు తెలిసింది ఒక్కటే. ఇనుములో బంధించినది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలనే చూస్తుంది. వచ్చిన రోజున దాని పక్కన మనవాళ్ళే ఎవరో నిలబడి ఉంటారు.

ఆ పని మానెయ్. అక్తౌలో పళ్ళ డాక్టర్లకు మంచి గిరాకీ అట. నీకు ఎదుటివాళ్ళ నోరు మూయించకుండా తెరిపించే ఉద్యోగం ఏదైనా ఉంటే అదొక్కటే.

అత్తయ్య పెరుగు ఉండలు ఎండబెట్టి కుర్త్ చేసి పంపుతోంది. తిను.

మాట్లాడని
సగిందిక్


అక్తౌ,
అక్టోబరు 20

మాట్లాడకుండానే ఇన్ని మాటలనగల మామయ్యకు,

కుర్త్ అందింది. ఒక్క ఉండ కొరికితే పన్ను కదిలింది. పళ్ళ డాక్టర్ల గిరాకీ ఎవరి వంటింట్లోంచి వస్తోందో అర్థమైంది. అత్తయ్యకు నా సలాములు.

ఈ ఉత్తరంతో పాటు తొరెబాయ్ ఒక ట్యాంకు దించుతాడు. చిన్నది, మాదిరికి. దాన్ని సిలిండరు అనకు, దానికి కోపం వస్తుంది. నీ సిలిండర్లలో గ్యాసు ఖాళీ చోట్లో కిక్కిరిసి, తలుపు ఎప్పుడు తీస్తారా అని కాచుకుని ఉండేది. ఇందులో ఖాళీ చోటే లేదు. నిండా లోహపు పొడి. టైటానియం, ఇనుము, ఇంకా రెండు మూడు దినుసులు. మసాలా కొలత మాత్రం చెప్పను. హైడ్రోజన్ ఆ పొడిలోకి ఇంకిపోతుంది, ఇసుకలోకి నీళ్ళు ఇంకినట్టు. లోపలి ఒత్తిడి లారీ టైరులో గాలికి మించి ఉండదు. లారీ టైరును చూసి ఎప్పుడైనా పారిపోయావా?

ఇంకో సంగతి. ఇదీ నీ స్వభావమే మామయ్యా. వెచ్చగా అడిగితే ఇస్తుంది, చల్లగా ఉంటే బిగదీసుకుంటుంది. చిల్లు పడ్డా అంతే, పోతున్నకొద్దీ చల్లబడి, చల్లబడ్డకొద్దీ పిసినారి అవుతుంది. నిన్ను చూసే దీన్ని తయారుచేశారేమోనని మా డైరెక్టరుకు అనుమానం.

పైదేశాల నుంచి తెప్పించే పెద్ద ఒత్తిడి సిలిండర్లు ఉన్నాయి. నల్లదారాలతో నేసి జిగురు పోస్తారు. లోపల ఒత్తిడి దీనికి ముప్ఫై, నలభై రెట్లు. ధర చెబితే నీ మందంతా అమ్మి, తొరెబాయ్‌ను కూడా అమ్మాలి. మా పొడి ట్యాంకులు అక్తౌలోనే వెల్డింగ్ చేస్తాం. ఊరి బస్సుకు కావలసినవన్నీ కలిపి పది ఒంటెల ఖరీదు దాటదు. లోపం ఒక్కటే, బరువు. బస్సు కింద ఒక పోతు ఒంటె, దాని మీద ఇద్దరు లావుపాటి చుట్టాలు పడుకున్నంత. మోస్తుందిలే. బస్సు నోరులేని జీవి.

నియమాలు మూడు. మూత తీయకు. నిప్పు దగ్గర పెట్టకు. ఒంటెలకు పరిచయం చెయ్యకు.

టైరుకు భయపడని
ఉల్బోసిన్


కారాకుదుక్,
నవంబరు 24

పిల్లా,

నిన్న సభ అయిపోయింది. ఎవరో చెప్పి వినేకంటే నా చేత్తోనే రాస్తున్నాను.

నీ ట్యాంకు దిగిన రోజునే దాన్ని దొడ్డి అవతల ఇసుకలో మోకాలి లోతున పాతాను. మూడో రోజున మన పోతు ఒంటె వెళ్ళి సరిగ్గా దాని మీద కూర్చుంది. లేపితే లేవదు. కమ్చీ కొరడాతో కొడితే నురగ ఉమ్మింది. దానికి మదమెక్కే కాలం, ఏం చేస్తాం. అది మేతకు లేచినప్పుడు తవ్వి తీశాను.

సభలో వద్దనబోతున్నాను, అనేముందు ఒకసారి చూడటం న్యాయం అనుకున్నాను. నిన్న పొద్దున, మీసాల మీద ఊపిరి గడ్డకడుతున్న చలిలో, దాన్ని బయలు ప్రదేశానికి మోసుకెళ్ళి, గాలి వీపు వెనక ఉండేలా నిలబడి, మూత తీసి వాల్వు తిప్పాను. అది ఒక్క తుమ్ము తుమ్మింది. ఊరుకుంది. గంటసేపు నిలబడ్డాను. మళ్ళీ తుమ్మలేదు.

ఖాళీ డబ్బా! భయపడే ముసలాడికి ఖాళీ డబ్బా పంపి, "చూశావా, ఏమీ కాలేదు" అందామనుకున్నావు. చంటిపిల్లాడికి చెక్కతుపాకీ ఇచ్చినట్టు. నన్ను ఆటపట్టించు, పడతాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న విషయంలో నాతో నవ్వులాటా?

సభలో లేచి అదే చెప్పాను. "నా మేనకోడలు నాకే ఖాళీ డబ్బా పంపింది" అన్నాను. క్లబ్బు కప్పు ఎగిరేలా నవ్వారు. వద్దని నలభై ఒక్క చేతులు. కావాలని ఆరు. ఆ ఆరులో ఒకటి మీ అత్తయ్యది. ఇంటికొచ్చాక ఆమె కూడా నాతో మాట్లాడటం లేదు. ఆమెకు ఉత్తరాలు రాసే అలవాటు కూడా లేదు.

సగిందిక్


అక్తౌ,
డిసెంబరు 2

సగిందిక్ మామయ్యకు,

బిరుదులు ఏమీ పెట్టడం లేదు. నిండుకున్నాయి.

చల్లబడిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కాదు. రాశాను కదా! వెచ్చగా ఉంటేనే ఇస్తుందని రాశాను. గడ్డకట్టే చలిలో తిప్పితే తుమ్మక దోంబ్రా వాయిస్తుందా? నువ్వు ఆ వాక్యం చదివి, "నన్ను పిసినారి అంటోంది" అని అలిగి పక్కకు పెట్టేశావు. అవునా కాదా?

నీ మాట నీ ఉత్తరం కంటే ముందే అక్తౌ చేరింది. "సొంత మేనమామే ఖాళీ డబ్బా అన్నాడటగా?" మా డైరెక్టరు నన్ను పిలిచి అడిగిన మొదటి ప్రశ్న. ఫిబ్రవరి 14న బస్సుకు అనుమతిచ్చే కమిషన్ మీ ఊరొస్తుంది. క్లబ్బులో సభ ఇంకొక్కసారి పెడుతుంది. ఆ రోజూ వద్దంటే ఫైలు మూసేస్తారు, బస్సును తుక్కుకింద కోసేస్తారు. మూడేళ్ళు, మామయ్యా. దాని సీట్లకు గుడ్డలు కూడా నేనే కుట్టాను. నేను వచ్చి నిలబడదామంటే, నువ్వు ఊరిపెద్దవి, నేను నీ మేనకోడల్ని, చుట్టరికం ఉన్నవాళ్ళు సభకు రాకూడదని నియమమట. మన ప్రాంతంలో చుట్టరికం లేనివాళ్ళతో సభ పెట్టాలంటే సముద్రంలోని సీల్ జంతువుల్ని పిలవాలి. అయినా నియమం నియమమే.

ఒక మనిషి గ్యాసు షెడ్డులో నిర్లక్ష్యంగా సిగరెట్టు ముట్టించాడని, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఊరు ఊరంతా రోడ్డు మీద చెయ్యి చాపి నిలబడాలా? ఎసెన్ మామయ్యను నేను చూడలేదు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ సిగరెట్టుకు నా బస్సు ఎందుకు జరిమానా కట్టాలి?

అందుకని వింటున్నావా, మూడోది ఇప్పుడే వాడేస్తున్నాను. కమిషన్ ముందు, ఊరి ముందు, ఆ ట్యాంకును నీ తుపాకీతో కాల్చు. ఊరి వెనక ఎండిన వాగులో పెట్టి, నూటయాభై అడుగులు వేసి, గాలికి వీపు పెట్టి కాల్చు. పేలితే ఈ పని మానేసి పళ్ళ డాక్టర్నవుతాను, మొదటి పన్ను నీదే పీకుతాను. పేలకపోతే నీ చెయ్యి కావాలని లేవాలి.

కాదనకూడదు. అది నీ ఇంటి మాట, నాది కాదు.

ఉల్బోసిన్


కారాకుదుక్,
జనవరి 6

అమ్మడూ,

నెల పట్టింది జవాబు రాయడానికి. మూడు కాగితాలు పొయ్యిలో వేశాను.

మొదట నీ ట్యాంకు సంగతి. అది దొడ్డిలో మూత లేకుండా, వాల్వు మూయకుండా అట్లాగే పడి ఉంది. ఎండ వచ్చిన రోజున మీ అత్తయ్య, ఒంటె ఉమ్మింది కడుగుదామని కెటిల్‌తో వేడినీళ్ళు తెచ్చి పోసింది. బుస్సుమని లేచింది! ఆమె కెటిల్ వదిలేసి కంచె దూకింది. అరవై ఒక్కేళ్ళ మనిషి. కాసేపటికి నీళ్ళు చల్లారాయి, అది నోరు మూసుకుంది. నేను మళ్ళీ వేడినీళ్ళు పోశాను. మళ్ళీ పలికింది. నాలుగుసార్లు పోసి వాల్వు మూసేశాను, మూత బిగించాను. ఖాళీ కాదు. తప్పు నాది. కానీ నీది కూడా. అసలు సంగతి చెప్పాల్సిన చోట నువ్వు నన్ను ఆటపట్టించావు. వెక్కిరింత కిందున్న ఉపకారాన్ని వెతుక్కునేంత ఓపిక ఈ వయసులో ఎవరికుంటుంది? ఇకమీద ప్రాణం మీదికొచ్చే సంగతులు నవ్వకుండా రాయి.

ఇప్పుడు రెండోది. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

ఎసెన్ సిగరెట్టు ముట్టించలేదు. వాడు అసలు కాల్చేవాడే కాదు. నౌరుజ్ పండగ ముందు రోజులు. సిలిండర్ల వరస షెడ్డు నుంచి బావి దాకా ఉంది. అందులో ఒకటి అడుగున తుప్పు పట్టి ఉంది. అతుకు దగ్గర పొరలు లేచాయి. చూశాను. పక్కన పెట్టాలి. పెడితే ఒక ఇంట్లో పండగ పొయ్యి వెలగదు, జనం అరుస్తారు. పరీక్షించినట్టు ముద్ర ఉంది కదా అని నింపేశాను. నింపి, టీ తాగడానికి బయటికొచ్చాను. దాన్ని పక్కకు జరపడానికి ఎసెన్ లోపలికెళ్ళాడు.

తర్వాత ఎవరో సిగరెట్టు అన్నారు. నేను కాదనలేదు. ఆ రోజు కాదనలేదు, మర్నాడు కాదనలేదు. ఆ తర్వాత కాదనడానికి రోజు ఏదీ దొరకలేదు. నువ్వు వాణ్ణి నిర్లక్ష్యం మనిషి అని రాశావు. చదివి లేచి బయటికెళ్ళిపోయాను.

నా చేత్తో ఇంకో ట్యాంకును పగలగొట్టమనకు. ఇంకేదైనా అడుగు. ఎర్ర ఒంటె చూడితో ఉంది, పిల్లతో సహా తోలుకుపో. ఆ ఒక్క గుండు అడగకు.

నీ మామయ్య


అక్తౌ,
జనవరి 15

మామయ్యా,

నవ్వకుండా రాస్తున్నాను. మొదటిసారి కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి.

మూడో కోరిక వెనక్కి తీసుకుంటున్నాను. వెనక్కి తీసుకునే వీలు ఆచారంలో ఉందో లేదో తెలియదు. లేకపోతే ఇవాళ్టి నుంచి ఉంది. ఎసెన్ మామయ్య గురించి నేను రాసిన మాటను చింపి పొయ్యిలో వెయ్యి. నీ మూడు కాగితాలకు తోడుగా ఉంటుంది.

కానీ బస్సును వెనక్కి తీసుకోను. అది వేరే సంగతి. 14న నీ చెయ్యి ఎటు లేచినా సరే, నేను ఊరుకోను. ఫైలు మూస్తే ఇంకో ఫైలు తెరుస్తాను. బస్సును కోసేస్తే ట్యాంకులను ఒంటెబండి మీద పెట్టుకుని ఊరూరా తిప్పుతాను. తుప్పు పట్టిన సిలిండరును ముద్ర చూసి నింపే లోకంలో, ముద్రను కాకుండా ఇనుమును చూసే మనిషి ఒక్కడైనా కావాలి. నాకు తెలిసి మన ప్రాంతంలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ అతుకును కళ్ళు మూసుకున్నా చూస్తున్నవాడు. మా ట్యాంకులకు కాపలాగా నేను భయం తెలియని కుర్రాణ్ణి పెట్టుకోను. భయం తెలిసినవాణ్ణే పెట్టుకుంటాను. ఇది కోరిక కాదు, ఉద్యోగం. జీతం తక్కువ, టీ ఎక్కువ.

ఇంకొక్క మాట. అమ్మకు నేను చెప్పలేదు, చెప్పను. అది చెప్పాల్సిన నోరు నాది కాదు.

మూడు డిగ్రీల చలిలో రాస్తున్న
ఉల్బోసిన్


కారాకుదుక్,
ఫిబ్రవరి 15

అమ్మడూ,

మీ అత్తయ్య ఫోన్‌లో సగం చెప్పి ఏడ్చి పెట్టేసిందట. మిగతా సగం ఇది.

క్లబ్బు నిండింది. కమిషన్ ముగ్గురు. చైర్మన్ మెడ చుట్టూ నక్కతోలు. అతను లేచి, "ఊరి అభిప్రాయం ఒకసారి తెలిసిందే, మళ్ళీ అడగడం లాంఛనం" అన్నాడు. నేను లేచాను. బస్సు గురించి అంటాననుకున్నారు.

"ఎసెన్ సిగరెట్టు ముట్టించలేదు" అన్నాను. "తుప్పు పట్టిన సిలిండరు నేను నింపాను. చూసి నింపాను."

అంతే చెప్పాను. చైర్మన్ కాగితాలు తిప్పి, "ఇది ఎజెండాలో ఎక్కడుంది?" అన్నాడు. అప్పుడు వెనక వరసలోంచి తొరెబాయ్ లేచాడు. "కూర్చో అన్నా," అన్నాడు, "ఆ సిలిండరు మా ఇంటిది. తుప్పు ఉందని నాకూ తెలుసు. పండగ కదా అని వరసలో పెట్టాను." నీ ఉత్తరాలూ నా ఉత్తరాలూ మోయకముందు నుంచి, ముప్ఫై ఏళ్ళుగా వాడు దీన్ని మోస్తున్నాడు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేక ఇద్దరం చైర్మన్ మొహం చూశాం. అతను భయపడ్డాడు.

తర్వాత, "రండి వాగులోకి" అన్నాను.

మీ అత్తయ్య దూడకు చలికి కప్పే కంబళిలో ట్యాంకును చుట్టి తెచ్చింది. వేడినీళ్ళు పోసి, ఒత్తిడి మీటరు సూది లేవడం చైర్మన్‌కే చూపించాను, రేపు ఖాళీ డబ్బా అనకుండా. నూటయాభై అడుగులు లెక్కపెట్టింది తొరెబాయే. గాలి వీపున పెట్టుకుని కూర్చుని కాల్చాను.

మొదటి గుండు తప్పింది. నేను రాయకపోతే తొరెబాయ్ చెప్తాడు కాబట్టి రాస్తున్నాను.

రెండోది తగిలింది. టంగుమంది. తర్వాత బుస్సుమంది, నువ్వు నా మోటార్‌సైకిల్ చక్రానికి మేకు గుచ్చిన రోజులాగా. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చిల్లు చుట్టూ తెల్లగా మంచు పట్టింది, ముసలాడి గడ్డంలా. బుస తగ్గింది. ఇంకా తగ్గింది. "నిప్పు అంటిస్తే?" అన్నాడు చైర్మన్. పొడుగు కర్ర కొసకు గుడ్డ చుట్టి నేనే పెట్టాను. పగటి వెలుగులో మంట కనబడదు, గాలి వణకడం కనబడింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, మండింది. పేలలేదు. మండుతూ చిన్నబోయి, కాసేపటికి దానంతటదే ఆరింది. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మన పోతు ఒంటె గట్టు మీద నుంచి అరిచింది. ట్యాంకును పరిచయం చెయ్యొద్దన్నావు, అదే చేసేసుకుంది.

చైర్మన్ ఏమన్నాడో తెలుసా? "తుపాకీతో కాల్చడం పరీక్షల జాబితాలో లేదు. చెల్లదు" అన్నాడు.

"మా తమ్ముణ్ణి తీసుకుపోయిన సిలిండరు మీద జాబితాలో ఉన్న ముద్రలన్నీ ఉన్నాయి" అన్నాను. "నీ జాబితాను ట్యాంకు పక్కన పెట్టు, దాన్ని కూడా కాలుస్తాను. ఏది నిలబడుతుందో చూద్దాం."

మళ్ళీ చేతులెత్తించారు. కావాలని ముప్ఫై తొమ్మిది, వద్దని ఎనిమిది. మూడు నెలలు నడిపి చూడమన్నారు. బాధ్యత ఎవరిదని కాగితం కింద ఖాళీ గీత ఉంది. చైర్మన్ కలం పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూశాడు. నేను లాక్కుని నా పేరు రాశాను. ఈసారి నా పేరు.

ఇంకో మాట. ఆ గుండు నువ్వు అడిగావని కాల్చింది కాదు. అది ఎసెన్‌కిచ్చాను. నీ మూడోది ఇంకా నా దగ్గరే ఉంది. చూసుకుని అడుగు, ఇంక ఉండదు.

ఒట్టు అలాగే ఉంది. నువ్వు పని మానలేదు కదా.

సగిందిక్


అక్తౌ,
ఫిబ్రవరి 21

ట్యాంకుల సంహారి, కమిషన్ల గుండెదడ, నూటయాభై అడుగుల్లో మొదటి గుండు తప్పిన మహా గురికాడు, సగిందిక్ మామయ్య దివ్య సముఖానికి,

బిరుదులు మళ్ళీ స్టాకులోకి వచ్చాయి.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. మధ్యలో ఆగితే, "చదువు" అంది. చివరిదాకా విని, ఎసెన్ మామయ్య పటం తీసి తుడిచి, నీ పటం పక్కన పెట్టింది. మీ వంశంలో మౌనం ఒక వృత్తి.

మొదటి బస్సు మార్చి 14న. కావాలనే పెట్టించాను. కొరిసు రోజు. ఎదురైన ప్రతి మనిషికీ రెండు చేతులూ అందించి పలకరించాలి, ఏడాది కోపాలన్నీ వదిలెయ్యాలి. చూస్తాను ఎలా తప్పించుకుంటావో.

చూసుకునే అడుగుతున్నాను. మూడోది. ఆ రోజు మొదటి బస్సులో, మొదటి సీట్లో నువ్వు కూర్చోవాలి. డ్రైవరు తొరెబాయ్. వ్యాను అమ్మేశాడు. సీటు గుడ్డ నేను కుట్టిందే. సరిగ్గా దాని కింద మొదటి ట్యాంకు ఉంటుంది. ప్రాణం మీదికొచ్చే సంగతి కాబట్టి నవ్వకుండా రాస్తున్నాను. నేను మూడో వరసలో ఉంటాను.

ఉల్బోసిన్


కారాకుదుక్ నుంచి అక్తౌ దారిలో,
మార్చి 14, బస్సులో, టిక్కెట్టు వెనక

మూడో వరసలోని అమ్మడికి, మధ్యవాళ్ళు చదవకుండా అందించవలెను,

బస్సెక్కుతూ రెండు చేతులూ పట్టుకుని పలకరించాను. ఆచారం తీరింది. నోరు తెరవలేదని అందరిముందూ దెప్పావు. కోపం లేదు. ఒట్టు ఉంది. రెండూ వేరు.

పొద్దున బయల్దేరేముందు నీ ట్యాంకులు ఎనిమిదీ ముద్రలు చూడకుండా, అడుగున చెయ్యి పెట్టి తడిమి చూశాను. ఆరో దానికి పైన గీత ఉంది, అతుకు మంచిదే. అయినా అక్తౌలో దించి చూపించు.

షెడ్డు రేకు దగ్గర తొరెబాయ్ ఎవరూ చెప్పకుండానే బస్సు ఆపాడు. అందరూ లేచారు, ఎసెన్ పేరున ప్రార్థించి అరచేతులతో మొహం తుడుచుకున్నారు. నువ్వూ లేచావు, చూశాను.

ఒక ఫిర్యాదు. సీటు కింద బాంబు పెడతావనుకున్నాను. మంచు పెట్టావు. అది ఇస్తున్నకొద్దీ చల్లబడుతుందని నువ్వే రాశావు కదా. ఇరవై కిలోమీటర్లకే నా నడుము కింది భాగం కొయ్యబారింది. ఊరిపెద్దను, పరువు కోసం కదలకుండా కూర్చున్నాను. మీ అత్తయ్య దగ్గర దూడ కంబళి ఉంది, రేపటికి దాన్ని సీటుకు కుట్టు.

రేపు కూడా ఈ సీటు నాదే. అడిగి తీసుకోవడానికి నీకింక కోరికలేమీ మిగల్లేదు.